ముఖ్య అతిథి సంతకం

ఆదివారం పొద్దున చాముండేశ్వరి అనుకున్నది చాలా చిన్న పని. ఐర్లండ్‌లోని లూకన్‌లో తను నడిపే తెలుగు బడికి వార్షికోత్సవం. నలభై కుర్చీలు, పెద్ద గిన్నెడు పులిహోర, ఒక ముఖ్య అతిథి. సాయంత్రంలోగా పదిమంది పిల్లల పేర్లు చూపించకపోతే హాలు యోగా వాళ్లకు ఇచ్చేస్తానని మేనేజర్ నోరా ముందే చెప్పింది. ఉన్నది ఆరుగురు. వారం రోజులుగా ఆమె కలల్లోకి ఖాళీ కుర్చీలు వస్తున్నాయి.

ముఖ్య అతిథి పక్కింటి కారెల్. అరవై దాటిన చెక్ దేశస్థుడు, మాట తక్కువ. ఒకప్పుడు మంచు మీద హాకీ ఆడేవాడినని కంచె కత్తిరిస్తూ ఒకసారి గొణిగాడు. శాలువా కప్పడానికి ఆ మాత్రం చాలనుకుంది. గురువారం ఆమె భర్త జగన్ ఎక్కడో పాత ఫొటో పట్టుకున్నాడు. అందులో ముందు పళ్లు లేని కారెల్ కప్పు ఎత్తుకుని నవ్వుతున్నాడు. దానితో పోస్టర్ చేసి గ్రూపులో పెట్టాడు. అతని ఆఫీసులోని చెక్ అమ్మాయి దాన్ని తన వాళ్లకు పంపింది. వాళ్లు వాళ్ల వాళ్లకు పంపారు.

రెండు గంటలకు, ఒకప్పుడు కారెల్ వేసుకుని ఆడిన పదిహేడో నంబరు చొక్కాల్లో జనం రోడ్డు దాకా నిలబడ్డారు. డండాక్, అథ్లోన్ లాంటి దూరపు ఊళ్ల నుంచి కార్లు వచ్చాయి. ఇద్దరు పిల్లల్ని చేర్పిస్తానన్న శ్రీలేఖ ఫోన్ చేసింది.

"ఆంటీ, అక్కడేమైనా ఎలక్షనా? రౌండబౌట్ మూడుసార్లు తిరిగాం, పార్కింగ్ లేదు. ఇంటికెళ్లిపోతున్నాం."

పులిహోర పావుగంటలో అయిపోయింది. ఎండుమిరపకాయ నమిలిన ఒకాయన కళ్లనీళ్లతో కారెల్‌ను కౌగిలించుకుంటే, అభిమానమనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

తనను ఎవరూ గుర్తుపట్టని చోటు వెతుక్కునే ఐర్లండ్ వచ్చానని కారెల్ ఆమెతో మెల్లగా అన్నాడు. ఆమెకు సిగ్గేసింది. ఎవరూ రారేమోనన్న భయంతో తనూ, ఎవరైనా వస్తారేమోనన్న భయంతో ఆయనా, ఇన్నేళ్లూ ఒకే కంచెకు రెండు వైపులా బతికారు. వెనక తలుపు చూపించింది. అప్పటికే ఒక పాప పెన్ను చాచి నిలబడి ఉంది. కారెల్ తలుపు వైపు చూశాడు, పాప వైపు చూశాడు, బల్ల దగ్గర కూర్చున్నాడు.

బల్ల మీద ఉన్న కాగితాలు బడి ప్రవేశ పత్రాల పుస్తకాలే. పైన పిల్లల పేరు, కింద సంరక్షకుడి సంతకం. జనం పిల్లల పేర్లు రాసిచ్చారు; గీత ఉన్నచోట ఆయన సంతకం పెట్టాడు. పై కాగితం వాళ్లు చింపుకుపోయారు. కార్బన్ ప్రతి పుస్తకంలోనే ఉండిపోయింది.

"ఏవండీ, అవి మన అడ్మిషన్ ఫారాలు."

"పెన్నులూ మనవే. ఇప్పుడు ఆపితే కొడతారు," అన్నాడు జగన్.

ఐదింటికి నోరా పుస్తకాలు తిరగేసి, ఇక దిగుల్లేదన్నట్టు 'గ్రాండ్' అంది. చాముండేశ్వరి ఉన్న సంగతి చెప్పేసింది. వచ్చే ఆదివారం నిజంగా పదిమంది కూర్చుంటే చాలని నోరా నవ్వింది.

పద్దెనిమిది మంది కూర్చున్నారు. పాత ఆరుగురు, శ్రీలేఖ పిల్లలిద్దరు, ముందు బెంచీలో 'అ ఆ' దిద్దుతున్న కారెల్, ఆయన పక్కన చోటు కోసం తోసుకుంటున్న తొమ్మిదిమంది చెక్ పిల్లలు.

రిజిస్టరులో మాత్రం నూట నలభై మంది ఉన్నారు. వాళ్లందరి సంరక్షకుడు ఇంతవరకు హోంవర్క్ చేసి ఇవ్వలేదు.