అద్దం చుట్టూ రాగి ఆకులు

సాయంత్రం బస్సుకు అత్తగారు దిగేలోగా ఒక రాగి ఆకు చేసి అద్దానికి తగిలించేయాలన్నది ఆ ఆదివారం పొద్దున లెక్కల మాస్టారి పథకం. ఆ అద్దం ఆవిడ ఇచ్చిన పెళ్లి కానుక. చట్రం చుట్టూ రాగి ఆకుల తీగ. నిన్న దుమ్ము దులుపుతుంటే మాస్టారి చేతిలో ఒక ఆకు పుటుక్కుమంది. అత్తగారివి డేగ కళ్లు. చూస్తారు, చూసి ఏమీ అనరు. ఆ అనకపోవడమే మాస్టారికి హడలు.

విరిగిన ఆకును రాగి రేకు మీద పెట్టి గీశారు, కత్తిరించారు, ఇసుక మూట మీద పరిచి సుత్తితో కొట్టారు. రేకు మొండికేసింది. "కాలిస్తే మెత్తబడుతుందట," అంటూ పట్టకారుతో పొయ్యి మంటలో పెట్టారు.

అంతే! రేకు మీద రంగులు పరుగెత్తాయి. ముందు నారింజ, వెనకే వంకాయ రంగు, ఆపైన నెమలి కంఠం నీలం, చివరికి నిప్పు ఎరుపు. నీళ్లలో ముంచితే చుయ్యిమంది. తీసి చూస్తే కాగితంలా వంగుతోంది. మొద్దు ఉలితో వెనకనుంచి ఈనెలు కొట్టి ఇటు తిప్పారు. చేతిలో ఉన్నది రేకు కాదు, ఆకు. గాలి వీస్తే ఊగేలా ఉంది.

తీరా తగిలిస్తే కొత్తది తళతళా, పాతవన్నీ మసిబొగ్గులూ.

"నిమ్మచెక్కతో రుద్దండి, అవీ మెరుస్తాయి," అంది భార్య.

రుద్దారు. ఒకటి విరిగింది. పక్కది పట్టుకుంటే అదీ విరిగింది. పెళుసెక్కిన తీగ మొత్తం జలజలా రాలిపోయింది.

"ఒక్క ఆకు కోసం చెట్టంతా దులిపేశారు కదండీ!"

"రుద్దమంది నువ్వేగా!"

"రుద్దమన్నాను, గిన్నె తోమినట్టు తోమమన్నానా?"

ఇద్దరూ చెరో సుత్తీ పట్టారు. ఇల్లు కంసాలి కొట్టయింది. కాసేపటికి తలుపు దబదబలాడింది. కింది వాటాలో ఉండే నర్సమ్మ, జుట్టు విరబోసుకుని నిలబడింది.

"నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నాను మాస్టారూ! గోడలు కూలుస్తున్నారా ఏంటి?"

మాస్టారు అరచేయి చాపారు. అందులో ఆకు. ఆవిడ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. కోపం ఎటు పోయిందో పోయింది.

"ఇది... ఈ చేతులతోనే?" అంది గుసగుసగా. తరవాత, "ఇంకో సుత్తి ఉందా?"

ఆ హడావుడిలో కాలే ఆకు ఒకటి జారి, భార్య కుట్టుకున్న బల్లగుడ్డ మీద పడింది. ఆవిడ కేక పెట్టింది. గుడ్డకి అచ్చం ఆకులాగే చిల్లు పడింది.

"చిల్లు కూడా ఎంత బాగుందో!" అంది నర్సమ్మ, మనస్ఫూర్తిగా.

చివరి ఆకు అతికించి చేతులైనా కడుక్కోలేదు, అత్తగారు ముందు బస్సుకే దిగిపోయారు. తిన్నగా అద్దం ముందుకెళ్లి నిలబడ్డారు. ఏమీ అనలేదు. మాస్టారు ఓ అడుగు ముందుకేశారు.

"పాతవి విరిగిపోయాయి అత్తయ్యగారూ. తప్పు నాదే. మేమే ఏదో..."

ఆవిడ వేలితో ఒక ఈనె వెంబడి నెమ్మదిగా తడిమారు. కళ్లు చెమర్చాయి.

"పాతవి పోతే పీడా పోయింది బాబూ! మా ఆడపడుచు అంటగట్టిన అద్దమది. చూడలేకే మీకిచ్చాను. కానీ ఇది... ఇలాంటిది నా జన్మలో చూళ్లేదు."

మాస్టారు పొంగిపోయారు. ఆ పొంగు మర్నాడు ఆవిడ బయల్దేరేదాకా నిలిచింది. వెళ్తూ వెళ్తూ ఆవిడ అద్దాన్ని దుప్పట్లో చుట్టి, పసిబిడ్డలా చంకనెత్తుకుని, "మీకు ఇంకోటి కొనిస్తాలే," అంటూ బస్సెక్కేశారు.

గోడకి మేకు మాత్రం మిగిలింది. అది ఇనపది కాబట్టి ఎవరూ దాని జోలికి పోలేదు.