మహేందర్ రహస్య ఉపవాసం

శనివారం పొద్దున మహేందర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. సాయంత్రం ఆరు దాకా ఏమీ తినకూడదు, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకూడదు. ఫలక్‌నుమాలో బర్రెలు పెట్టుకుని పాలమ్మే ఇంట్లో పుట్టి, స్వీటీని ప్రేమించి పెళ్లాడి, ఆమె వెంట చర్చికి పోవడం అలవాటు చేసుకున్నవాడు. మర్నాడే బాప్తిస్మం. దానికి ముందు ఇశ్రాయేలు పాస్టరు నడిపే శిష్యత్వ క్లాసు పాసవ్వాలి.

అక్కడ మనవాడి ఘనత అంతంత మాత్రం. ఏకాంత ప్రార్థనలో గురక పెట్టాడు. మౌనదినం నాడు ఎవరో పాలల్లో నీళ్లున్నాయనేసరికి వీధంతా వినబడేలా మౌనం విడిచాడు. మిగిలింది రహస్య ఉపవాసం. "ఇంట్లోవాళ్లకు తెలిస్తే లెక్కకు రాదు బాబూ. ఇదీ తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే," అని పాస్టరు ముందే చెప్పారు.

ఎనిమిదింటికి స్వీటీ కిచిడీ, చింతపండు పులుసు ఖట్టా పెట్టింది.

"ఆకలైతలేదు," అన్నాడు మహేందర్.

"ఖట్టాల ఉప్పెక్కువైందా?"

"ఏం లేదు. ఆకలైతలేదంతే."

ఆ ఇంట్లో తిండి వద్దన్నవాడు అలిగినట్టే లెక్క, తాతల నాటి నుంచి అదే చట్టం. స్వీటీ భయపడి అత్త రుక్మాబాయి ముందు పళ్లెం పెట్టింది. "మీరన్న తినుండ్రి అత్తమ్మా."

"నాకొద్దు బిడ్డా," అందామె.

అత్త కూడా అలిగిందనుకుని స్వీటీ తానూ తినలేదు. కొడుకు తినలేదని తల్లి మానేసిందనుకుని మహేందర్ కుమిలిపోయాడు. కడుపుమంటకన్నా అదే ఎక్కువ మండింది.

మధ్యాహ్నం తండ్రి మైసయ్య వచ్చేసరికి ముగ్గురూ మూడు మూలల్లో ఉన్నారు, గిన్నె నిండా కిచిడీ ఉంది. "ఏందిది? ఏమైంది?" అంటే ముగ్గురూ మొహాలు తిప్పుకున్నారు. వేరు కాపురం లొల్లి మొదలైందని ఆయన తేల్చేసుకున్నాడు. వెంటనే యాకుత్‌పురాలో ఉన్న వియ్యంకుడు డానియేలుకు ఫోన్ కొట్టాడు. "బావా, నీ బిడ్డ నా ఇల్లు రెండు ముక్కలు చేస్తున్నది. వచ్చి చూడు."

నాలుగింటికి డానియేలు రెండు ఆటోల నిండా చుట్టాలతో దిగాడు. పెద్దమనిషిగా సాక్షాత్తు పాస్టరునే వెంటబెట్టుకొచ్చాడు.

"నా బిడ్డ వంట గంత పాడుగున్నదా అల్లుడూ?"

"వంట సంగతి కాదు బావా, వేరు పడదామని చూస్తున్నరు," అన్నాడు మైసయ్య.

మహేందర్ దీనంగా పాస్టరు వైపు చూశాడు. రహస్యం ఆయన నోటా రాకూడదు కదా, ఆయన ఎన్నడూ లేనిది వాకిట్లో కట్టేసిన బర్రె కొమ్ములను శ్రద్ధగా పరిశీలించసాగారు.

లొల్లి పెరిగి పెరిగి ఐదూ నలభైకి స్వీటీ సూట్‌కేసుతో బయటికొచ్చింది. "నా చేతి తిండి వద్దన్నోని ఇంట్ల నేనెందుకు?" అంది.

మహేందర్ గడియారం చూశాడు. ఇంకా ఇరవై నిమిషాలు. స్వీటీ మొహం చూశాడు. బాప్తిస్మం మూసీలో కలిసిపోనీ అనుకున్నాడు.

"ఉపవాసమున్న. ఎవరికీ చెప్పొద్దన్నరు. నీ వంటకు ఏం కాలె," అన్నాడు.

స్వీటీ సూట్‌కేసు కింద పెట్టి వీపు మీద ఒక్కటిచ్చింది. పాస్టరు జేబులోంచి చిన్న పుస్తకం తీసి మహేందర్ పేరు మీద గీత కొట్టారు. "ఇంకో ఇరవై నిమిషాలు ఆగకపోతివి," అని నిట్టూర్చారు.

అందరూ చల్లారిన కిచిడీకి కూర్చున్నారు. మహేందర్ మొదటి ముద్ద కలిపి తల్లి నోటి దగ్గర పెట్టాడు. "నా కోసం పొద్దటి సంది పస్తున్నవు. తిను అమ్మా."

"నీ కోసమెందుకుంటరా? ఇయ్యాల శనివారం. నేను తినను."

"ఎప్పటి సంది?"

"నీకు ఆరేండ్లప్పుడు టైఫాయిడ్ వచ్చింది గదా. గప్పటి సంది."

ఇరవై రెండేళ్లు. శనివారాలు చర్చి పాటల ప్రాక్టీసుకు పుట్టింటికి పోతూ, ఈ ఒక్కవారం బాప్తిస్మం కోసం ఆగిన స్వీటీకి తెలియదంటే సరే. మగాళ్లిద్దరూ ఆమె వడ్డిస్తే తిని లేచేవాళ్లే తప్ప, వెనక ఆమె తిన్నదా అని ఒక్కనాడూ చూడలేదు. మైసయ్య తలవంచుకున్నాడు. మహేందర్ సిగ్గుతో ముద్దను తిరిగి పళ్లెంలో పెట్టేశాడు.

"మరి ఎన్నడు చెప్పలేదేందే అమ్మా?" అన్నాడు.

"ఎవరడిగిండ్రు?"

పాస్టరు మూసిన పుస్తకం మళ్లీ తెరిచి, కాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించారు. "అమ్మా, బుధవారం క్లాసుకొచ్చి మా వాళ్లకు ఉపవాసం ఎట్లుండాలో జర చెప్తారా?"

"బుధవారం కుదరదు సార్," అంది రుక్మాబాయి, "బర్రెలకు దాణా వస్తది."