మూడు వందల మూతలు

డాక్టర్ సాల్మన్ ఇంట్ల కుక్కకు సుత దోమతెర కట్టిండ్రట. ఈ ముచ్చట పక్కింటి పుష్పమ్మ చర్చి మెట్ల మీద నలుగురికి చెప్తే, ఆ నలుగురు బీదర్ పట్నమంతా చెప్పిండ్రు. పుష్పమ్మ మాటలు నమ్మొద్దు. ఆమెకు మొదట్నుంచి ఆ కుక్కంటె పడదు.

నమ్మవలసింది డాక్టర్‌గారి ప్రకటన. పేపర్ల ఫోటోతోని వచ్చింది: "వానకాలం దాటేలోపల బీదర్‌ను దోమ లేని నగరం చేస్తా." ఇరవై రెండేండ్లు మున్సిపాలిటీల హెల్త్ ఆఫీసరుగ చేసిన మనిషి ఊకెనే అనడు. హైదరాబాద్‌ల అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులవి. అక్కడి ఏసీ హోటల్ల మూడు దినాలు ట్రైనింగు తీసుకున్నడు. ఒక్క దోమ కుట్టలేదు. దోమలను లేకుండ చేయొచ్చని ఆయనకు అక్కడ్నే రూఢి అయింది.

బెంగుళూరు నుంచి తనిఖీ టీము వస్తున్నది. గాంధీ గంజ్ వెనక హమాలీల వాడల ఒక్క దోమపురుగు దొరకకుంటే సాల్మన్ జిల్లా ఆఫీసరు అయితడు. రిటైర్మెంటుకు ఏడాదే ఉంది, ఈసారి తప్పితే ఇగ లేదు. ఇంటామె శాలిని కొత్త నేమ్‌ప్లేటు చేయించి గుడ్డ కప్పి పెట్టింది.

ఆ వాడల ఇల్లిల్లు తిరిగే నర్సు సిద్దమ్మ ఒక్కటే అడిగింది. "సార్, నల్లా ఎనిమిది దినాలకోసారి వస్తది. జనం డ్రమ్ములల్ల పట్టుకుంటరు. మూడు వందల మూతలు ఇప్పియ్యుండ్రి, దోమ లోపటికి పోదు."

"మూతలతోని ఏమైతది సిద్దమ్మా? జనంల అవేర్‌నెస్ రావాలె."

అవేర్‌నెస్ హైదరాబాద్ నుంచి లారీల వచ్చింది. మూడు వందల ఫ్లెక్సీలు. ఒక్కొక్కదాని మీద తాంబాళమంత డాక్టర్‌గారి ముఖం, కింద "నీళ్లు నిల్వ ఉంచొద్దు". ఇంటికొకటి పంచి, ఎవ్వరు పారేయొద్దని మైకుల చెప్పిండ్రు.

ఎవ్వరు పారేయలే.

వారం దినాలు ముసురు పట్టి విడిచినంక టీము దిగింది. లీడర్ రష్మి మేడమ్ మొదటి ఇంటి కాడనే ఆగింది. అది హమాలి శాంతరాజు ఇల్లు. వాకిట్ల డ్రమ్ము. డ్రమ్ము మీద ఫ్లెక్సీ, సుతిలి తాడుతోని బిర్రుగ కట్టి ఉంది. నడుమ గుంటపడి వాననీళ్లు నిలిచినయి. నీళ్లడుగున డాక్టర్ సాల్మన్ నవ్వుతున్నడు. ఆయన మీసాల మీద సన్నటి పురుగులు వంకర్లు తిరుగుకుంట ఈదుతున్నయి.

మేడమ్ గంటె ముంచి చూసింది. డాక్టర్‌ను చూసింది, ఫ్లెక్సీని చూసింది, పోలిక సరిచూసుకొని రాసుకున్నది.

"ఎవరు కట్టిండ్రు దీన్ని?" సాల్మన్ అరిచిండు.

శాంతరాజు పెండ్లాం బసమ్మ బయటికొచ్చింది. "నేనే సారూ. డ్రమ్ముకు కొలత పెట్టి కుట్టిచ్చినట్టే ఉంది."

"నిల్వ ఉంచొద్దని దాని మీదనే రాసి ఉంది గదమ్మా! సిద్దమ్మా, పారబోయ్. డ్రమ్ముల నీళ్లు సుత పారబోయ్!"

సిద్దమ్మ కదల్లే. బసమ్మ అడ్డం రాలే. లోపటికి పోయి ఖాళీ బిందె తెచ్చి చంకల పెట్టుకుంది.

"పారబోయుండ్రి సారూ. నల్లా నిన్ననే వచ్చిపోయింది, మళ్ల వారం దాటితెనే. అందాక మీ ఇల్లెక్కడో చెప్పుండ్రి."