ఎవరికీ ఎక్కని వంగడం

ఒక్లహోమాలోని బ్రష్ క్రీక్ ఊళ్ళో ప్రజారోగ్యం దినదినాభివృద్ధి చెందుతున్నదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. కిరాణా కొట్టు మూతపడింది, పుస్తకాల కొట్టు మూతపడింది. వైద్య గంజాయి దుకాణాలు మాత్రం పదకొండయ్యాయి. డాక్టరు ఒక్కడే. ఆయన గంజాయికి బద్ధవిరోధి కనుక సమతూకం చక్కగా కుదిరింది.

ఓపల్ ట్రెడ్‌వే నలభై ఏళ్ళు క్షౌరశాల నడిపి, ఆ ఊరి ప్రతి తలనూ లోపల ఏముందో తెలిసేంత దగ్గరగా చూసిన మనిషి. డెబ్బై ఒకటో ఏట క్యాన్సరు వచ్చింది. వైద్యంతో క్యాన్సరు పోయి వేళ్ళలో మంట మిగిలింది. చొక్కా గుండీ పెట్టుకోవడమే గగనమైంది. నొప్పుల క్లినిక్కు నడిపే ఆ ఒక్కగానొక్క డాక్టరు లిండ్‌క్విస్ట్ నల్లమందు జాతి బిళ్ళలు రాసిచ్చాడు. వాటి పుణ్యమా అని ఆమె ఆ వసంతకాలమంతా కుర్చీలో కూర్చుని నిద్రపోయింది. పొయ్యి మీద రెండు గిన్నెలు మాడిపోయాయి. అయితే చీటీ మీద సంతకం ఉంది కాబట్టి దాన్ని మత్తు అనడానికి వీల్లేదు.

చివరికి పొరుగూరి డాక్టరు చేత గంజాయి కొనుక్కునే కార్డు రాయించుకుని ఓపల్ ఒక దుకాణానికి వెళ్ళింది. అక్కడ తెల్లకోటు తొడుక్కున్న సలహాదారు కోల్టన్. పోయిన నెల దాకా టైర్లు అమ్మాడు.

"ఏం పెద్దమ్మా, గాల్లో తేలాలా, సోఫాలో కూరుకుపోవాలా?"

"రెండూ వద్దు నాయనా. నా గుండీలు నేను పెట్టుకోవాలి."

కోల్టన్ కంప్యూటరంతా వెతికాడు. గుండీల విభాగం లేదు.

"ఇదొకటుంది, బ్లూ డీకన్ అని. దీన్నెవరూ కొనరు. ఒకాయన ఏం రాశాడో వినండి: 'ఇది పీల్చి కూర్చుని పన్ను కాగితాలు నింపాను. సాయంత్రమంతా దండగ.'"

"అదే ఇయ్యి," అంది ఓపల్.

సాయంత్రానికి రెండు దమ్ములు. మొదటివారం దగ్గు తప్ప ఏమీ రాలేదు. రెండోవారం మంట పూర్తిగా పోలేదు గానీ, పక్కగదిలోకి వెళ్ళి కూర్చున్నట్టయింది. మూడోవారం బిళ్ళలు మానేసింది, చేతికి కత్తెర పట్టు దొరికింది. నేరుగా వృద్ధాశ్రమానికి వెళ్ళి అక్క ఐడా జుట్టు కత్తిరించింది. ఐడాకు చెల్లెలి పేరు గుర్తులేక రెండేళ్ళయింది. మెడ వెనక వేళ్ళు తగలగానే కళ్ళు మూసుకుని, "ఎక్కడ చచ్చావే ఓపల్ ఇన్నాళ్ళూ?" అంది.

ఓపల్ కత్తెర కింద పెట్టి, కాసేపు కిటికీలోంచి పార్కింగు స్థలాన్ని శ్రద్ధగా చూసింది.

నాగరిక సమాజంలో ఇటువంటి అక్రమం ఎంతోకాలం సాగదు. క్లినిక్కులో మూత్రపరీక్ష జరిగింది.

"మీ మూత్రంలో మేమిచ్చిన మందు కనబడటం లేదు, మేమివ్వని మందు కనబడుతోంది," అన్నాడు లిండ్‌క్విస్ట్ బరువుగా. "ఇక మీకు వైద్యం చేయలేం."

"చేతులు చూడండి డాక్టరుగారూ, వేళ్ళు ఎలా వంగుతున్నాయో!"

"మేం చూడాల్సింది చేతులు కాదమ్మా, కాగితం."

ఆ ఆదివారం చర్చిలో పాస్టర్ గేరెట్, ఎవరి పేరూ ఎత్తకుండా, ఓపల్ వైపే చూస్తూ పొగ గురించి నలభై నిమిషాలు ప్రసంగించాడు.

బ్లూ డీకన్ పండించే గంజాయి కంపెనీ వాళ్ళు మాత్రం ఆమెను నెత్తిన పెట్టుకున్నారు. వార్షికసభకు పిలిచి 'ఉత్తమ రోగి' అని చెక్కిన ఫలకం చేతికిచ్చారు.

"రోగులే మా వేళ్ళు! రోగులే మా ఆకులు! వారి చిరునవ్వే మా పంట!" అని యజమాని బ్రెన్నర్ గర్జించాడు.

ఓపల్ మైకు ముందుకొచ్చింది. "నాదొక్కటే మాట. దీన్ని మార్చకండి. ఇది పనిచేస్తోంది."

బ్రెన్నర్ కళ్ళు తుడుచుకున్నాడు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

నెల తిరక్కుండానే ఓపల్ బొమ్మ అంటించిన సీసాలో సరికొత్త బ్లూ డీకన్ వచ్చింది. అలవాటు ప్రకారం రెండు దమ్ములు పీల్చిన ఓపల్, నాలుగు గంటలపాటు వంటింటి నేల మీద పడుకుని ఫ్రిజ్జుకు క్షమాపణలు చెప్పుకుంది.

"పాతది కావాలి," అంది మర్నాడు.

"పాత మొక్కలు పీకేశారు పెద్దమ్మా, ఎవరికీ ఎక్కడం లేదని," అన్నాడు కోల్టన్. "ఇప్పుడు చూడండి, అందరూ అయిదు స్టార్లే!"

"మరి రోగులకో?"

"వాళ్ళు స్టార్లు ఇవ్వరు కదండీ."

మిగతా పది దుకాణాలూ తిరిగింది. తేలాలా, కూరుకుపోవాలా అనే అడిగారు. మంట పక్కగదిలోంచి లేచొచ్చి మళ్ళీ వేళ్ళలో కూర్చుంది. వృద్ధాశ్రమం వాళ్ళు ఐడా తల మిషనుతో గొరిగించారు. పేషెంటు అరిచినట్టు రికార్డులో నిజాయితీగా రాశారు కూడా.

అక్టోబరులో ఓపల్ క్లినిక్కుకు వెళ్ళి, తప్పు ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం చేసి బిళ్ళలు తెచ్చుకుంది. తదుపరి పరీక్షలో మూత్రం నిర్దోషి అని తేలింది. పాస్టర్ గేరెట్ ఆ శుభవార్తను వేదిక మీంచే ప్రకటించాడు.

"మన సోదరి ఓపల్ మత్తును జయించింది!"

చర్చి చప్పట్లతో దద్దరిల్లింది. ఓపల్ లేవలేదు. ముందు వరసలో తల వేలాడేసి, గుండీలు తప్పిన చొక్కాతో, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. గడ్డం మీదికి సొంగ కారుతోంది. పక్కావిడ చేతిరుమాలుతో ఆప్యాయంగా తుడిచి, "ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి!" అంది.

అందరూ చూశారు, ఆనందించారు. ఆ వరసలో మీరున్నా చప్పట్లు ఆపి ఉండేవారు కాదు. గంజాయి వాసన ఏమీ రాలేదు కదా.