గుబురయ్య చల్లటి గుహ

ఆ పెద్ద అడవిలో ఒక ఏడాది చలికాలం అలా తొంగిచూసి ఇలా వెళ్ళిపోయింది. మాఘమాసంలోనే కోతులు విసనకర్రలు పట్టుకున్నాయి.

అందరికన్నా అవస్థ ఎలుగుబంటి గుబురయ్యకి. ఒళ్ళంతా బొచ్చాయె! ఆయన అడవి సభకి అధ్యక్షుడు. అడవిలోని బొగ్గు బట్టీలన్నీ ఆయనవే.

"ఈ ఉక్క ఎందుకో తేల్చండి" అని సభ పిలిచాడు.

చదువుకున్న కొంగ లేచింది. "అయ్యా, ఎండకి నేల వేడెక్కుతుంది. ఆ వేడిని మళ్ళీ పైకి వదులుతుంది. అందులో కొంత గాలిలో నిలవబట్టే మనం చలికి చావకుండా ఉన్నాం. ఇప్పుడు మీ బట్టీల్లోంచి కంటికి కనబడని వాయువు పైకెళ్ళి, దుప్పటి మీద దుప్పటి కప్పుతోంది. పోవలసిన వేడి పోవడం లేదు."

"ఆ వాయువుని పీల్చుకోడానికి చెట్లున్నాయిగా?"

"ఉండేవి. వాటినే కదా బట్టీలో పెడుతున్నాం!"

గుబురయ్య గుండెల్లో రాయి పడింది. బట్టీలు మూస్తే తన దర్జా ఏం కాను?

సభ కార్యదర్శి నక్క ఆయన చెవి దగ్గరికి వంగింది. "సూర్యుడున్నాడుగా అధ్యక్షా! సభకి రాడు, ఎదురు మాట్లాడడు."

సూర్యుణ్ణి ఖండిస్తూ తీర్మానం చప్పట్ల మధ్య నెగ్గింది. "ఆయన ఎప్పటిలాగే కాస్తున్నాడండీ" అని కొంగ అంటుండగానే టీకి లేచారు.

నక్క సలహా మీదే గుబురయ్య తన గుహకి బొగ్గుతో నడిచే చల్లబరిచే యంత్రం పెట్టించాడు. లోపల హాయి, బయట సెగ. అది చూసి దుప్పులు మాకూ అన్నాయి, అడవిపందులు మాకూ అన్నాయి. ఇంటికో యంత్రం వచ్చింది, వాటి కోసం వీధికో బట్టీ వచ్చింది. కొత్త బట్టీకి కొబ్బరికాయ కొట్టినప్పుడల్లా అడవి ఇంకాస్త ఉడికింది.

ఒక ఉదయం గుబురయ్య తేనె కోసం కొండచరియకి వెళ్ళాడు. పట్టు ఎండిపోయి ఉంది. రాణీగ మూటాముల్లె సర్దుకుంటోంది.

"ఎక్కడికమ్మా?"

"పూలు తొందరపడి ముందే పూసి రాలిపోయాయి నాయనా. నా పిల్లలకి రెక్కలొచ్చేసరికి ఉత్త కొమ్మలు మిగిలాయి. సగం మంది ఆకలికే పోయారు."

తేనె మాట ఎత్తడానికి గుబురయ్యకి నోరు రాలేదు. అక్కణ్ణించి తిన్నగా కొంగ దగ్గరికి పరిగెత్తాడు.

"బట్టీలన్నీ మూసేస్తాను. రేపటికి చల్లబడుతుందా?"

"రేపటికి కాదండీ. పైకెళ్ళింది తరాలపాటు అక్కడే ఉంటుంది. ఇవాళ ఆపితే దుప్పటి ఇంకా మందం కాకుండా ఉంటుంది."

గుబురయ్య దిగాలుగా కూలబడ్డాడు. "అంటే, చల్లబరిచిన పేరు నాకు రాదన్నమాట!"

మర్నాడు సభలో ఆయన తేనెటీగల్ని తలుచుకుని నిజంగానే ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుని తీర్మానం చదివాడు: "బట్టీలన్నీ మూసెయ్యాల్సిందే. వచ్చే అధ్యక్షుడు గద్దెనెక్కిన రోజు నుంచి!"

సభ హోరెత్తింది. ఆ హోరులోనే నక్క ఇంకో తీర్మానం నెగ్గించింది: గుబురయ్యగారే శాశ్వత అధ్యక్షుడు.

సన్మానంలో ఆయనకి తేనె బదులు బెల్లం పాకం పోశారు. ఆయన మొహం చిట్లించి, అలాగే గుటకేశాడు.

నీతి: ఎండాకాలం, వానాకాలం, చలికాలం, ఏ కాలం గతి తప్పినా ఫరవాలేదు, పదవీకాలం తప్పకూడదు.