తాగకు బావా, రుచి చూడు!

మగవాడి చేత తాగుడు మాన్పించడానికి ఒకటే మార్గం ఉంది. అతనికి తాగడం నేర్పాలి!

నమ్మరా? ఉపన్యాసాలకు లొంగని పని, భార్యల ఒట్లకు లొంగని పని ఒక లేతపసుపు గ్లాసు చేసి చూపించింది. గోదావరిఖనిలో సదయ్య ఇంటి చుట్టుపక్కల ఎవరినైనా అడగండి.

సదయ్య ఓపెన్‌కాస్టు గనిలో షావెల్ ఆపరేటర్. గుట్టంత మట్టిని బకెట్టుతో ఎత్తి డంపర్‌లో బోర్లించడం ఆయన ఉద్యోగం. బీరు తాగే పద్ధతీ అదే! సీసా లేచేది, బోర్లా పడేది. మధ్యలో నాలుక అనేది ఒకటుందని సీసాకూ తెలియదు, సదయ్యకూ తెలియదు. చల్లగా ఉందా లేదా, అంతవరకే విచారణ. ఆదివారం దోస్తు ఎల్లేశంతో కూర్చుని లేచాడంటే, తన ఇల్లు ఏదో ఇంకొకరు చెప్పాల్సిందే. భార్య అనసూర్య మొక్కని దేవుడు లేడు.

అలాంటి సదయ్య ఒక పెళ్లికని హైదరాబాద్ వెళ్లాడు. అక్కడ కంప్యూటర్ ఉద్యోగం చేసే బామ్మర్ది కిషన్ ఆయన్ని సాయంత్రం మైక్రోబ్రూవరీకి తీసుకెళ్లాడు. లోపల మనిషికి రెండింతల ఎత్తు స్టీలు ట్యాంకులు, పైపులు, మీటర్లు.

“పవర్‌హౌస్‌కు తోల్కొచ్చినవేందిరా?” అన్నాడు సదయ్య.

“కాదు బావా. ఈడనే బీరు తయారు చేస్తరు. గీ గ్లాసుల ఉన్నది బ్లాండ్ ఏల్ అనే రకం బీరు. బ్లాండ్ అంటే బంగారు రంగు జుట్టు.”

“జుట్టు పడ్డదా అండ్ల? ఇంకోటి తెమ్మను!”

కిషన్ ఓపిగ్గా వివరించాడు. జుట్టు పడలేదని తేలాక సదయ్య అలవాటు ప్రకారం గ్లాసు ఎత్తాడు. కిషన్ గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు.

“తాగకు బావా, రుచి చూడు! ముందుగాల రంగు చూడాలె. తర్వాత వాసన. గప్పుడు గింత నోట్ల పోసుకొని, నాలుకంత తిప్పి, ఏమేం తెలుస్తున్నయో చెప్పాలె.”

“తాగుతందుకు గూడ పరీక్షనా?”

అయినా బామ్మర్ది మాట కాదనలేక గ్లాసులో ముక్కు పెట్టాడు. బొగ్గు దుమ్ము, డీజిలు పొగ తప్ప మరొకటి ఎరగని ముక్కు! గుటక వేయకుండా ఒక్క చుక్కను నోట్లో ఆపుకోవడం ఆయన జీవితంలో అదే మొదలు. పక్క బల్లవాళ్లు కూడా తిరిగి చూశారు.

“తేనె,” అన్నాడు సదయ్య కళ్లు మూసుకుని. “కాదు కాదు... తేనెల ముంచిన బిస్కట్. సివర్ల జరంత నారింజ తొక్క.”

“అరె బావా! నీది నాలుక కాదు, మీటర్!”

ఎంత బొగ్గు తవ్వినా ఇంత మెప్పు ఎవరిచ్చారు? సదయ్య ఛాతీ ఉబ్బింది. రెండో మాట వెతుక్కుంటూ, మూడో మాట దిద్దుకుంటూ ఆ ఒక్క గ్లాసుతోనే సాయంత్రమంతా గడిపాడు.

గోదావరిఖనికి తిరిగొచ్చాక అసలు విశేషం మొదలైంది. ఆదివారం ఎల్లేశం సీసా చేతికివ్వబోతే సదయ్య గ్లాసు అడిగాడు. గ్లాసు! దాన్ని ట్యూబ్‌లైట్ కింద పెట్టి తిప్పాడు. వాసన చూశాడు.

“ఏందన్నా, ఈగ పడ్డదా?” అన్నాడు ఎల్లేశం.

“ఆగు. గంజి వాసనొస్తుంది. వెనుక ఇనుప రేకు. సివర్ల వానకు తడిసిన అట్టపెట్టె.”

అట్టపెట్టె అన్నాక తాగబుద్ధి ఎవరికవుతుంది? ఎల్లేశం తన సీసాను కూడా అనుమానంగా చూసుకున్నాడు.

“నీతోని కూసుంటె నిషా ఎక్కుతలేదన్నా, దిగుతున్నది!”

ఆ రోజు సదయ్య సగం గ్లాసు మిగిల్చి, తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికొచ్చాడు. అనసూర్య వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది. “కిషన్, నీ కడుపు సల్లగుండ! దేవుండ్లు చెయ్యని పని చేసినవు.”

చూశారా మరి? ప్రతి వైన్‌షాపులోనూ ‘వర్ణించనిదే సీసా ఇవ్వబడదు’ అని బోర్డు పెడితే చాలదా? రాష్ట్రంలో సగంమంది మాటలు దొరక్క మంచినీళ్లు తాగి ఇళ్లకు పోరూ!

ఇంత సుఖంగా సాగుతుండగా కిషన్ సెలవుకు వచ్చాడు, బావ కోసం బ్లాండ్ ఏల్ సీసా పట్టుకుని. సదయ్య ఇరుగుపొరుగును పిలిచాడు. ఎల్లేశం ముందు వరసలో కూర్చున్నాడు. వంటింట్లో అనసూర్య పొద్దుటి నుంచి నాటుకోడి కూర, జొన్నరొట్టెలతో చెమటలు కక్కుతోంది. ముందు గదిలో సదయ్య చిన్న గ్లాసు పట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

“మంచుకు తడిసిన గడ్డి... కొత్త తేనె... కాల్చకముందు మక్కకంకి పొట్టు తీస్తె వచ్చే వాసన...”

“వారెవ్వా!” అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు.

తర్వాత పళ్లేలు వచ్చాయి. సదయ్య తల వంచి రొట్టె తుంచాడు, కూరలో అద్దాడు, మింగాడు. మళ్లీ తుంచాడు, మింగాడు. అనసూర్య గరిటెతో పక్కనే నిలబడింది.

“ఎట్లుంది?”

“ఏంది?”

“కూర.”

“ఆఁ, మంచిగనే ఉంది. ఇంకింత ఎయ్యి.”

గరిటె గిన్నెలో ఠంగుమంది.

“పెండ్లయినకాడికెళ్లి వండుతున్న. మొదటి షిఫ్టుకు చీకట్ల లేచి డబ్బ కట్టిన. రాత్రి డ్యూటీ దిగొస్తె ఉడుకుడుకు పెట్టిన. ఉప్పు తక్కువైందంటవు, కారం ఎక్కువైందంటవు. పాపం, మనిషికి వచ్చిన మాటలే గవి రెండు అనుకున్న! గిప్పుడేందయ్యా... గా సీసల నీళ్లకు తేనెనట, గడ్డట, మక్కకంకట! గీ మాటలన్ని ఇన్నొద్దులు ఎక్కడ దాసిపెట్టినవు?”

గదిలో ఎవరూ నమలడం లేదు. కిషన్ తన రొట్టెను ఎన్నడూ చూడనట్టు చూస్తున్నాడు. తాగుడు మానినా భార్య చేత తిట్లు తినే మొదటి మగవాడు తానేనేమో అనుకున్నాడు సదయ్య. అయినా సిగ్గుతో ఇంకో ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఈసారి మింగలేదు. మెల్లగా నమిలాడు.

“ముందుగాల ఎల్లిగడ్డ,” అన్నాడు నెమ్మదిగా. “ధనియాలు ఏయించి రోట్ల నూరినవు, మిక్సీల కాదు. తర్వాత ఎండుకొబ్బరి. సివర్ల... సివర్ల గసాలు.” కళ్లు తెరిచి భార్య వైపు చూశాడు. “ఇంత మంచిగ వండుతవని నాకు ఇయ్యాలనే తెల్సిందే.”

అనసూర్య గిన్నెలో వెతికి వెతికి ఒక కాలు ముక్క తీసి ఆయన పళ్లెంలో వేసింది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో నోరు విప్పనిదే రెండో గరిటె పడదు. మొన్న సదయ్య మధ్యాహ్నం షిఫ్టుకు తొందరపడుతూ టమాట చారన్నం ముగించి, “మంచిగుంది” అని చెయ్యి కడుక్కోబోయాడు. అనసూర్య డ్యూటీ డబ్బా తన చేతిలోనే ఉంచుకుంది.

“ఇంకా?”

బయట ఎల్లేశం బండి హారన్ కొట్టాడు.

“పులుపు... పులుపు మీద మిరియం... కరివేపాకు... డ్యూటీకి లేటయితుందే, అనసూర్యా!”

“కానియ్యి. ఇంగువ చెప్పలే ఇంక.”