మందమర్రి రాయమల్లు తాను మనిషినని రుజువు చేసుకొన్న విధంబు

వినుడు, వినుడు! పంఖా కింద కూర్చుండి చెమట తుడుచుకొనువారలారా, ఫోను చూచుచు అన్నము కలుపుకొనువారలారా, ఒక్క ఘడియ ఆ ఫోనులు బోర్లపెట్టి వినుడు! భూగర్భతిమిరకుహరములనుండి బొగ్గును వెలికిదీసి ఊరూరికి పంపి, దాని ధూళిని మాత్రము తన గుమ్మములపైన, కిటికీలపైన, ఉతికి ఆరవేసిన ధోవతులపైన నిలుపుకొన్న మందమర్రి పట్టణమున, కార్మికుల కాలనీకి ఆనుకొన్న ఒక సొంత యింటిలో, ఎండాకాలపు ఆదివారమునాడు, పాల ప్యాకెట్లు వచ్చిన పిదప, నల్లా నీళ్ళు రాకమునుపు, ఒక ఘోరసంగ్రామము జరిగెను. దానిని చూచినవారు ఇద్దరే. నేను మూడవవాడను, కవిని గనుక గోడలోనుండి చూచితిని.

ఆ సంగ్రామనాయకుడు రాయమల్లు. హాజరు వ్రాయు గని టైమాఫీసునకు మొట్టమొదటి కంప్యూటరు దిగిన దినమున తక్కిన గుమాస్తాలందరు షాకు కొట్టునని గోడకు అతుక్కొనగా, తానొక్కడే ముందునకురికి మీట నొక్కిన సాహసి, కీబోర్డుఘట్టనకఠినాంగుళి, రిటైరై యేండ్లు గడిచినను ఆనాటి మోహము చావక, ముందర పెట్టెవలె, వెనుక గుమ్మడికాయవలె ఉబ్బిన తెరయు, మీట నొక్కినంతనే పిండిగిర్నీవలె గురగురలాడు డబ్బాయు, కడుపులో రబ్బరు గుండు గల మౌసను మూషికమును ముందర గదిలో కిటికీ పక్కన ప్రతిష్ఠించుకొన్న యంత్రభక్తాగ్రేసరుడు. పేపరు చదువుటయు, చదివిన దానిపై తీర్పు చెప్పుటయు ఆయన నిత్యకృత్యములు.

"ఫోను గూడ ఒక మిషనేనా?" అని ఆ వీరుడు వరండాలో నిలుచుండి గర్జించువాడు. "గోకితె జరుగుతది, గోకకపోతె పంటది. మీట నొక్కితె టక్కున సప్పుడు రావాలె. సప్పుడు లేని పని పనేనా? ఇగ ఫోటోలన్ని మబ్బుల దాసిపెడ్తరట! మబ్బు ఎవ్వని సొమ్ము? ఇయ్యాల మందమర్రి మీద ఉంటది, రేపు బోథ్ మీద కురుస్తది. గా కొత్త తెలివి మిషన్లున్నయి సూడు, అడిగినదానికల్లా అవునంటయి. గట్ల అవుననేటోళ్ళను ఆఫీసుల శానమందిని చూసిన. వడగాలులు వీస్తయని పేపర్ల రాసిండ్రు! చెమట కారుతున్నోనికి గదొక వార్తనా?"

ఇంతటి మేఘగంభీరోపన్యాసములు గేటు దాటి పోయినవి కావు. గేటులోపల వాటిని వినునది ఒక్కతే, ఆయన అర్ధాంగి సత్తవ్వ. ఆమెకు ఒక కుట్టుమిషను కలదు. అది వెలుతురు లేని వంటింటి మూలన పడియుండగా, సూదిలో దారమెక్కించుటకు ఆమె పడు పాట్లు పగవారికి కూడ వద్దు. వెలుతురున్న కిటికీ ఆ ఇంట ఒక్కటే. ఆ కిటికీ పక్కన డబ్బా కూర్చున్నది, కింద రాయమల్లు మంచము పరచుకొన్నది. న్యాయము ఆమె పక్షమున ఉన్నదని కవినైన నేనే ఒప్పుకొనుచున్నాను.

ఆ ఆదివారము సత్తవ్వ పాత సామాన్లు కొనుక్కొనిపోవు అంబదాసును బండితో సహా పిలిపించెను. గోనెసంచి భుజాన వేసుకొని, అతడు గడప ముందు నిలిచి వినయముగా దగ్గెను.

"కాకా, చిన్నమ్మ రమ్మన్నది. డబ్బా ఇదేనా?"

అప్పుడు రాయమల్లుని కన్నులు కొలిమిబొగ్గులవలె ఎర్రబడెను. సరిగా ఆ క్షణమునే ఆయన తెరపై ఒక వార్తాపత్రికవారి పుట తెరచియుండెను. అందు పెద్దయక్షరములతో, 'పాత కంప్యూటర్లు ఇంకా పనికొస్తాయా? మీ అభిప్రాయం రాయండి' అని యుండెను. శత్రువు సవాలు నేరుగా ఇంటికి వచ్చిన తరువాత వీరుడు ఊరకుండునా?

"ఏమే! ఇగో, ఇను!" అని రాయమల్లు కుర్చీనుండి లేచి చేయెత్తెను. "గీ డబ్బా మీంచెల్లి, గీ చేతులతోని, లోకమంత సదివేటట్టు జవాబు రాస్త. నా మాట గా పేపర్ల పడ్డదా, డబ్బా జోలికి ఎవ్వలు రావద్దు. పడలేదా, నేనే మోసి బండ్ల ఏస్త!"

సత్తవ్వ కొంగు బిగించెను. "మాట మీదుండు మరి. అంబదాసుకు చాయ పోస్త. గాయన చాయ తాగేదాకనే నీ టైం. గిలాస కింద పెట్టెనా, డబ్బా బండెక్కాలె."

ఇట్లు ప్రతిజ్ఞలు ముగిసెను. పొగలు గ్రక్కు చాయ గిలాస అంబదాసు చేతికి వచ్చెను.

రాయమల్లు పదివేళ్ళు ఒక్కమారు విరిచి యుద్ధమున దూకెను. టకటకటకయను కీబోర్డుధ్వని వీధి చివరి కుక్కను లేపెను. పాత యంత్రముల గట్టిదనము, మరమ్మతు చేసికొను సుఖము, ఏడాదికొకటి పారవేయు కొత్తవాటి దుర్బుద్ధి, అన్నియు వ్రాసెను. ఆ వ్యాసమును ఒక్కసారి చదువుకొని తనకు తానే తల ఊపుకొనెను. పంపుటకు మీట నొక్కబోయెను.

ఆగుడు! అక్కడ ఒక ద్వారపాలకుడు నిలిచియుండెను. 'నేను రోబోను కాను' అను చిన్న గడి అది. దానిని నొక్కగా తొమ్మిది చిత్రములు విచ్చుకొని, వీటిలో బస్సులున్నవాటిని ఎంచుము, అప్పుడుగాని నీవు మనిషివని నమ్మను, అని పలికెను.

"ఆహా, ఎంత పొగరే!" అని రాయమల్లు మండిపడెను. "మిషన్ల కాలరు పట్టి నడిపినోన్ని నేను! గీ మిషనొచ్చి నువ్వు మనిషివేనా అని నన్నడుగుతదా?"

అయినను గత్యంతరము లేదు. మూషికమును బస్సుపైకి నడిపించెను. అయ్యో, అది కదలలేదు! ఎన్నినాళ్ళనుండియో గాలిలో తేలి వచ్చిన బొగ్గుధూళి దాని గుండుకు పట్టి, లోపలి చక్రములకు నల్లని మైనమువలె చుట్టుకొనియుండెను. తోయగా ఒక్క పెట్టున దూకి బస్సును దాటి చెట్టుపై వ్రాలెను. రాయమల్లు దానిని వెల్లకిల వేసి, మూత త్రిప్పి, గుండును బయటికి తీసి బనీనుకు తుడిచి, చక్రములను గోటితో గీకి శుభ్రపరచెను. గాయపడిన గుర్రమునకు రౌతు కూడ అంత సేవ చేయడు. అంబదాసు ఆ గుండును అరచేత పట్టుకొని, "మంచిగున్నది కాకా, గోలీలాటకైతది" అనెను.

తిరిగి బిగించి తెర చూచునప్పటికి ద్వారపాలకుడిచ్చిన గడువు ముగిసెను. పుట తనంతట తాను మొదటికి వచ్చెను. వ్యాసము లేదు! అది వ్రాసిన గడి ఖాళీగా తెల్లగా వెలుగుచుండెను. రాయమల్లు ఆ ఖాళీ గడిని వ్రేలితో తడిమి చూచెను. ఆయన ముఖము చూచి సత్తవ్వకు కూడ ఒక క్షణము పాపమనిపించెను, కాని ఆమె చూపు గిలాసవైపు మరల్చెను.

"ఎంత మిగిలింది?" అని వీరుడు హీనస్వరమున అడిగెను.

"సగం కన్న తక్కువ కాకా," అని అంబదాసు చాయను సాసర్లో పోసి ఊదసాగెను. "చిన్నమ్మా, జర షక్కర తక్కువైంది."

"ఇంత లావు ఊదుడేందిరా? పొద్దూకేదాక తాగుతవా?" అని సత్తవ్వ గద్దించి, చెంచాడు షక్కర తెచ్చి వేసెను.

రాయమల్లు ఇక వ్యాసము జోలికి పోలేదు. ఒక్క మాట కొట్టెను. వెంటనే ద్వారపాలకుని ఎదుట నిలిచెను. ఈసారి ఆ ధూర్తుడు, ఫైర్ హైడ్రెంట్లున్న చిత్రములు ఎంచుమనెను.

మందమర్రిలో పుట్టి, మందమర్రిలో పెరిగి, మందమర్రిలో రిటైరైనవానిని అడుగవలసిన ప్రశ్నయా ఇది? రాయమల్లు కన్నులు మూసి తన విద్యనంతయు స్మరించెను. "ఫైర్ అంటె మంట. మంటలార్పేటిది. గనిల ఏముంటది? ఎర్ర బకెట్లు! వాటి నిండ ఇసుక!" అని, ఒక చిత్రమున ఇంటి ముందర ఎర్రని పూలకుండీని, మరియొకదానిలో ఎర్రని చెత్తడబ్బాను బకెట్లుగా నిర్ణయించి నొక్కెను. మళ్ళీ ప్రయత్నించండి, అని ద్వారపాలకుడు వెక్కిరించెను. మరల అవే హైడ్రెంట్లు, వేరు చిత్రములు. సాసరు ఖాళీ అయ్యెను. గిలాస అడుగున ఒక్క గుటక మిగిలెను. దానిని అంబదాసు పెదవులకు తాకించి, ఎందుకో మరల దించి, మీసము తుడుచుకొనెను.

అప్పుడు రాయమల్లుని బుద్ధి మెరుపువలె మెరసెను.

"ఇల్లు తెలుసు. చెట్టు తెలుసు. సైకిలు తెలుసు," అని ఆయన ఒక్కొక్క చిత్రమును వ్రేలితో చూపెను. "గీ పొట్టిగ, రెండు చెవులతోని, నెత్తిన టోపి పెట్టుకొని రోడ్డు పక్కన నిలవడ్డదున్నది సూడు, గిదేందో పుట్టి బుద్ధెరిగినకాన్నుంచి నేను చూడలే. నాకు తెల్వని పేరు గీ తెల్వనిదానిదే అయ్యుంటది!"

ఆ పొట్టివానిని, అనగా పరదేశపు వీధులలో మంటలార్పుటకు నీళ్ళిచ్చు నల్లాను, మూడు చిత్రములలో పట్టి, శుద్ధిపొందిన మూషికముతో మూడు పోట్లు పొడిచెను. గడిలో పచ్చని గుర్తు వెలసెను. ద్వారపాలకుడు తొలగెను. పంపు మీట నొక్కగా తెరపై చిన్న చక్రమొకటి తిరుగుచు, తిరుగుచు, తిరుగుచు నిలిచెను. అంబదాసు చివరి గుటక మ్రింగెను. గిలాస అరుగుపై టక్కుమనెను.

"అయిపాయె!" అని సత్తవ్వ లేచెను.

"నీ ఫోన్ల సూడే!" అని రాయమల్లు కేక వేసెను.

ఆమె ఫోను తెరచి ఆ పుటను పైకి క్రిందికి జరిపి, ఒకచోట ఆగి, కన్నులు చిట్లించి చదివెను. "రాయమల్లు, మందమర్రి. పనికొస్తయి." ఆమె తలయెత్తెను. "గంతేనా?"

"గంతే."

"పొద్దుగాల్నుంచి ఇల్లు అదిరేటట్టు కొట్టింది గిదొక్క మాటనా?"

"ఏ డబ్బా మీంచెల్లి పోయిందో సూడు!" అని రాయమల్లు తన ఉబ్బిన తెరను చెమట చేతితో నిమిరెను. ఆయన కన్నులు చెమర్చెను. దాచుట ఎందుకు, నావియు చెమర్చెను.

సత్తవ్వ మాట తప్పు మనిషి కాదు. అంబదాసును ఒట్టి సంచితో పంపజాలక, రెండు విరిగిన కుర్చీలు చూపెను. విజయగర్వితుడైనను రాయమల్లు ధర్మము మరువలేదు. కిటికీ కిందనున్న తన మంచమును తానే ఒక కొస పట్టి, అంబదాసును రెండవ కొస పట్టుమని, వరండాలోనికి చేర్చి, ఆ వెలుతురులో కుట్టుమిషను నిలిపెను. అటుపిమ్మట కుర్చీలో కూలబడి తెర చూడగా, తన మాట క్రింద బొటనవ్రేలి గుర్తు పక్కన 'ఒకటి' అని కనబడెను.

"ఏమే! ఎవ్వలో మెచ్చిండ్రు!"

"ఎవ్వలో పనిలేనోళ్ళు," అని సత్తవ్వ సూదిలో దారమెక్కించుచు, తల ఎత్తకుండ అనెను. ఆమె ఫోను ఇంకను వెలుగుచుండెను.

ఇట్లు ధూళిని, గడువును, పొట్టి టోపివానిని గెలిచి, మందమర్రి రాయమల్లు ఒక్క మాటను గేటు దాటించెను. ఈ గాథ విన్నవారి మూషికములు తిన్నగా నడచుగాక! చదివినవారి వ్యాసములు పుట మారినను చెరగకుండుగాక! భేరీలు మ్రోగింపుడు, శంఖములు పూరింపుడు! రాయమల్లు మనిషే!